కొచ్చిని నీళ్ల వైపు నుంచి చూశాం

కొచ్చి వెళ్తున్నామనగానే తెలిసినవాళ్లంతా దాదాపు ఒకే మాట చెప్పారు. "ఫోర్ట్ కొచ్చిలో చైనా వలల దగ్గర ఫొటోలు దిగండి, ఒక పూట చాలు, అక్కణ్నుంచి మున్నార్ వెళ్లిపోండి" అని. టూర్ ప్యాకేజీలు కూడా చాలావరకు ఇలాగే ఉన్నాయి. పొద్దున్నే ఎర్నాకుళం స్టేషన్‌లో ఎక్కించుకుని, కారులోనే ఫోర్ట్ కొచ్చి ఒక చుట్టు తిప్పి, మధ్యాహ్నానికల్లా ఘాట్ రోడ్డు పట్టిస్తారు. మేం మున్నార్ పూర్తిగా మానేసి, సెలవంతా కొచ్చికే ఇచ్చాం. దానికి కారణం మా బాబాయి.

బాబాయి విశాఖ పోర్టులో డ్రెడ్జింగ్ పనుల్లో, అంటే నీటి అడుగున మట్టి, ఇసుక తవ్వి తీసే పనుల్లో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్లినా ముందు నీళ్లు ఎటున్నాయి, లోతెంత, ఓడ ఎటునుంచి లోపలికొస్తుంది అని అడిగే మనిషి. "రేవు ఊరిని రేవులోంచే చూడాలమ్మా. రోడ్డు మీంచి వెళ్తే మనకి దాని వీపే కనపడతాది" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. పిన్నికి మాత్రం పడవలంటే భయం. చివరికి ఆవిడ కూడా ఒప్పుకున్నాక, ఎర్నాకుళంలో రైలు దిగి ఆటోలో హైకోర్టు దగ్గరున్న వాటర్ మెట్రో టెర్మినల్‌కి వెళ్లాం.

కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. బ్యాటరీతో నడిచే ఏసీ బోట్లు. కట్టింది అక్కడి కొచ్చిన్ షిప్‌యార్డే. ఒక్కో బోటులో వంద మంది పడతారు. ఫోర్ట్ కొచ్చికి టికెట్ యాభై రూపాయలు కూడా కాదు. మెట్రో రైలులో లాగానే గేటు దాటి వెళ్లాలి. సెలవురోజుల్లో క్యూ చాలా పెద్దదవుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. పిన్ని భయపడింది బోటు ఎక్కేటప్పుడు కాలు జారుతుందేమోనని. ఆ భయం అక్కరలేకపోయింది. బోటు ఆగే వేదిక నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. ఆటుపోట్లతో పాటు అదీ లేస్తుంది, దిగుతుంది. అందువల్ల బోటు అంచు, వేదిక అంచు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీ కూడా నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. బాబాయి ఎక్కకుండా ఆ అంచు దగ్గరే నిలబడి చూస్తుంటే, వెనకవాళ్లు ఆగిపోతున్నారని నేనే చెయ్యి పట్టుకుని లోపలికి లాగాల్సి వచ్చింది.

ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఉండే ఆ ప్రయాణంలో కొచ్చి కథలో సగం కళ్ల ముందే నడుస్తుంది. కుడివైపు బోల్గాట్టి దీవి. అక్కడ డచ్చివాళ్లు 1744లో కట్టిన భవనం చెట్ల మధ్య ఉంది. కాస్త ముందుకెళ్తే వల్లార్‌పాడం కంటైనర్ టెర్మినల్, దాని పెద్ద పెద్ద క్రేన్లు. ఎడమవైపు విల్లింగ్డన్ దీవి. ఇది ప్రకృతి ఇచ్చిన దీవి కాదు. రేవులో తవ్విన మట్టిని పోసి మనుషులు చేసిన నేల. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు ఇక్కడికొచ్చేనాటికి రేవు నోటికి అడ్డంగా ఇసుక మేట ఉండేది. పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకుంటే, సరుకు చిన్న పడవల్లో చేరవేసేవాళ్లు. ఆయన ఆ మేటను కోయించి కాలువ తవ్వించారు. 1928లో పద్మ అనే ఓడ లోపలికి వచ్చింది. తవ్విన మట్టే దీవి అయింది. ఆ దీవికి లార్డ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు.

ఆ పేరు వినగానే బాబాయి ముఖం వెలిగిపోయింది. వైస్రాయ్ హోదాలో 1933 డిసెంబరులో విశాఖ పోర్టును లాంఛనంగా ప్రారంభించింది ఆ విల్లింగ్డనే. మనవైపు రేవు నోట్లో ఇసుక పేరుకోకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్టలా వాడిన సంగతి బాబాయి నాకు చిన్నప్పుడే చెప్పారు. మళ్లీ చెప్పారు. మా పక్కన కూర్చున్న ఒక మలయాళీ ఆయనకి కూడా సగం ఇంగ్లిషులో, సగం చేతులతో చెప్పారు. ఆ ఆయన ఆసక్తిగా విని, విల్లింగ్డన్ దీవి వైపు చూపించి ఏదేదో వివరించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, కానీ ఇసుక సంగతి ఇద్దరికీ తెలుసు.

అసలు కొచ్చి పుట్టిందే నీటి వల్ల. అంతకుముందు మలబారు తీరంలో పేరున్న రేవు ముజిరిస్. అది ఇప్పటి కొడుంగల్లూరు దగ్గర ఉండేది. రోమన్ల ఓడలు మిరియాల కోసం అక్కడికే వచ్చేవి. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదతో ఆ రేవు పూడిపోయి, దక్షిణాన కొచ్చి దగ్గర నీటికి కొత్త దారి తెరుచుకుందని చెబుతారు. ఆ తర్వాత అరబ్బులు, చైనావాళ్లు, యూదులు, పోర్చుగీసులు, డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు, వీళ్లతోపాటు మన దేశంలోంచే గుజరాతీలు, కొంకణీలు, తమిళులు, అందరూ ఈ నోటి గుండానే లోపలికి వచ్చారు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుని ఊరు తిరిగితే చర్చి, సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం, రాజభవనం, గోడౌన్లు విడివిడిగా కనిపించవు. అన్నీ ఒకే సరుకు చుట్టూ కట్టినవే. ఆ సరుకు మిరియం.

ఫోర్ట్ కొచ్చిలో ఒక హోమ్‌స్టేలో దిగాం. ఇక్కడ హోటళ్ల కంటే ఇవే నయం అని నా అభిప్రాయం. పాత ఇళ్లు, మందపాటి గోడలు, పెంకుల కప్పు. ఇంటావిడని అందరిలాగే మేమూ చేచీ (అక్క) అని పిలిచాం. ఏ గుడి ఎప్పుడు మూస్తారు, ఏ ఆటోవాడు సరైన డబ్బులు తీసుకుంటాడు అన్నీ ఆవిడే చెప్పింది. ముఖ్యంగా ఒక సలహా ఇచ్చింది: పక్కనే ఉన్న మట్టాంచేరికి శుక్రవారం వెళ్లకండి అని. శుక్రవారం అక్కడి రాజభవనం మూసి ఉంటుంది. సినగాగ్ శుక్ర, శనివారాలు రెండూ సెలవే, యూదుల పండగలకీ సెలవే. చర్చి ఆదివారం పొద్దున ప్రార్థనలకే. చాలామంది శనివారం దిగి ఆదివారం వెళ్లిపోతారు కదా, వాళ్లకి సగం తలుపులు మూసే కనిపిస్తాయి. వారం మధ్యలో వెళ్లగలిగితే అలాగే ప్లాన్ చేసుకోండి.

చైనా వలల దగ్గరికి సాయంత్రం అందరూ వెళ్తారు. సూర్యాస్తమయం వెనకాల వలలు, ఫొటోకి బాగుంటుంది. నేను చెప్పేది తెల్లవారుజామున వెళ్లమని. వెలుతురు పడీపడకముందే మేం వెళ్లాం. అప్పుడు అక్కడ జనం లేరు, పని ఉంది.

ఆ వలల్ని అక్కడ చీనవల అంటారు. చైనా వర్తకులు తెచ్చారని ఒక మాట, పోర్చుగీసువాళ్లు మకావు నుంచి తెచ్చారని ఇంకో మాట. ఒడ్డున పాతిన చెక్కల నిర్మాణం మీద పెద్ద దూలం ఒకటి నీళ్లమీదికి చాచి ఉంటుంది. దాని కొస నుంచి నాలుగు వంపు కర్రలు విచ్చుకుని, వాటి మధ్య వల జోలెలా వేలాడుతుంది. దూలం వెనక కొసకి తాళ్లు, ఆ తాళ్లకి వరసగా బండరాళ్లు కట్టి ఉంటాయి. ఇటు రాళ్ల బరువు, అటు వల బరువు ఎంత సరిగ్గా తూగుతాయంటే, ఒక మనిషి ఆ దూలం మీద నడుచుకుంటూ నీళ్లవైపు వెళ్తే చాలు, వల తనంతట తనే కిందికి దిగిపోతుంది. మేం చూస్తుండగానే ఒకతను చెప్పుల్లేకుండా, దేన్నీ పట్టుకోకుండా ఆ తడి దూలం మీద రోడ్డు మీద నడిచినట్టు నడిచాడు. వల నీళ్లలో మునిగింది. కొన్ని నిమిషాలు ఆగారు. ఆ తర్వాత నలుగురైదుగురు వెనక తాళ్లు పట్టుకుని ఒకరి గొంతుకి ఒకరు గొంతు కలిపి లాగారు. రాళ్లు ఒక్కొక్కటీ కిందికి దిగి నేలకి ఆనుతుంటే వల పైకి లేచింది.

అందులో పడింది పిడికెడు చేపలు. వాటితోపాటు గుర్రపు డెక్క ఒక కుప్ప. కాలువల్లోంచి కొట్టుకొచ్చే ఆ కలుపు వలలో చిక్కుకుంటే తీయడానికే సగం ఓపిక అయిపోతుందని, దాని బరువుకి వల చిరుగుతుందని వాళ్లలో పెద్దాయన చెప్పాడు. మళ్లీ దించారు. మళ్లీ లాగారు. బాబాయిని పిలిచి తాడు పట్టుకోమన్నారు. ఆయన ఉద్యోగకాలమంతా యంత్రాలు తవ్వడం చూసినవాడు. ఆ తాడు లాగి, రాళ్ల కట్టు దగ్గరికెళ్లి ముళ్లు పరిశీలించి, "కరెంటూ లేదు, ఆయిలూ లేదు, ఎవడో లెక్క వేసి కట్టాడమ్మా దీన్ని" అన్నారు. తాడు లాగించినందుకు వాళ్లు ఎంతో కొంత ఆశిస్తారు. సంతోషంగా ఇవ్వండి. చేపలమీద వచ్చే ఆదాయం ఎంత తక్కువో అక్కడ పావుగంట నిలబడితే మీకే తెలుస్తుంది. వలల్ని బాగుచేయడానికి కావలసిన టేకు దుంగలు చవకైనవి కావు.

అక్కణ్నుంచి అన్నీ నడిచి వెళ్లే దూరమే. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి 1503లో పోర్చుగీసువాళ్లు మొదట కర్రతో కట్టుకున్నది, తర్వాత రాతితో మళ్లీ కట్టారు. లోపల పెద్ద అలంకారాలేమీ లేవు. పైన వరసగా వేలాడే గుడ్డ పంకాలు, వాటిని బయటినుంచి పనివాళ్లు లాగడానికి తాళ్లు. నేలలో కుడివైపు ఒక చోట ఇనుప కమ్మీల మధ్య ఒక సమాధి రాయి ఉంది. వాస్కో డ గామా 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. 1539లో అవశేషాల్ని పోర్చుగల్ తీసుకెళ్లిపోయారు. అందరూ ఆ రాయి ముందు సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాకు తీసుకోబుద్ధి కాలేదు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న జనంతో ఉన్న ఓడని తగలబెట్టించిన మనిషి ఆయన. సముద్రమార్గం కనిపెట్టాడని మాత్రమే మనం బడిలో చదువుకుంటాం. ఈ రెండూ కలిపి చెప్పే బోర్డు ఒకటి అక్కడ ఉంటే బాగుండేది.

ఈ చర్చి ఒక్కటే ఊరి చరిత్రంతా చెబుతుంది. పోర్చుగీసువాళ్లు కాథలిక్కులు. 1663లో డచ్చివాళ్లు ఊరిని గెలిచి దీన్ని ప్రొటెస్టెంటు చర్చి చేసుకున్నారు. 1795లో ఇంగ్లిషువాళ్లు వచ్చారు, చర్చి వాళ్లదైంది. ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లది. గోడల్లో పోర్చుగీసు, డచ్చి సమాధి రాళ్లు రెండూ ఉన్నాయి. దగ్గర్లోనే ఉన్న శాంటా క్రూజ్ బసిలికా చూడటానికి ఇంతకంటే చాలా వైభవంగా ఉంటుంది. పాతదాన్ని ఇంగ్లిషువాళ్లు కూల్చేస్తే, ఇప్పుడున్నది 1905లో ప్రతిష్ఠ చేశారు. పిన్నికి ఆ రంగుల పైకప్పు బాగా నచ్చింది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది వెళి దగ్గరున్న ధోబీ ఖానా. డచ్చివాళ్లు సైనికుల బట్టలు ఉతకడానికి తమిళ ప్రాంతం నుంచి వన్నాన్లు అనే చాకలివాళ్లను తెచ్చి ఇక్కడ పెట్టారట. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉతుకుతున్నారు. వరసగా సిమెంటు గదులు, ఒక్కో కుటుంబానికి ఒక్కో తొట్టి, ఒక్కో బండ. బయట మైదానం నిండా తెల్ల దుప్పట్లు. పిన్ని చటుక్కున గమనించింది, ఎక్కడా క్లిప్పులు లేవు. రెండు తాళ్లను గట్టిగా మెలిపెట్టి కట్టారు. ఆ మెలికల మధ్య బట్ట కొసని దూర్చేస్తారంతే. సముద్రపు గాలి ఎంత విసిరికొట్టినా ఊడిరాదు. లోపల ఒకావిడ గంజి పెట్టిన చొక్కాని ఇస్త్రీ చేస్తోంది. పెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గు. కాలర్ మీద పెట్టె పెట్టేముందు నీళ్లు చిలకరించి, గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరి, అప్పుడు ఒకే దెబ్బలో ఈ కొస నుంచి ఆ కొసకి లాగింది. పిన్ని ఆవిడతో అరవంలో మాటలు కలిపింది. పిన్ని పుట్టిల్లు నెల్లూరు, అరవం బాగానే వచ్చు. పిల్లలెవరూ ఈ పనిలోకి రావట్లేదని ఆవిడ చెప్పింది. ఏ గైడు కూడా దీన్ని మొదటి పేజీలో చూపించరు. నా లెక్కలో చర్చి కంటే ఇది ముందుండాలి. ఆ సైన్యం పోయింది, ఆ పాలన పోయింది. పని మాత్రం వీళ్ల చేతుల్లో మిగిలింది.

మరునాడు మట్టాంచేరికి ఆటోలో వెళ్లాం. బజార్ రోడ్డు మొదట్లోనే ఆటో దిగి నడవండి. రోడ్డుకి ఒక పక్క దుకాణాలు, ఇంకో పక్క గోడౌన్లు, వాటి వెనక గుమ్మాలు నేరుగా నీళ్లలోకి. పడవల్లోంచి సరుకు అటు దింపి ఇటు అమ్మేవాళ్లు. శొంఠి, మిరియాలు, యాలకుల వాసన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఒక గోడౌన్ గుమ్మంలో ఆడవాళ్లు శొంఠి చెరుగుతున్నారు. మా ఇంట్లో శొంఠి అంటే పోపుల పెట్టెలో ఒక ముక్క. ఇక్కడ నేలంతా పరిచిన శొంఠి. పిన్ని నల్ల మిరియాలు కొంది. అరచేతిలో వేసుకుని నలిపి, వాసన చూసి, బరువుగా ఉన్నవే ఏరించింది. రోడ్డు పక్క షోకేసుల్లో రంగు ప్యాకెట్లుగా అమ్మేవాటికంటే గోడౌన్‌లో తూచి ఇచ్చేవి తాజాగా ఉంటాయి.

మట్టాంచేరి రాజభవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టించింది పోర్చుగీసువాళ్లు. 16వ శతాబ్దం నడుమ కొచ్చి రాజుకి కానుకగా ఇచ్చారు. 1663 తర్వాత డచ్చివాళ్లు బాగుచేయించారు కాబట్టి వాళ్ల పేరు పడింది. బయటినుంచి చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు. తెల్లటి గోడలు, వాలు కప్పు. నేలని మాత్రం చూడండి. నల్ల పాలరాయిలా నిగనిగలాడుతుంది, కానీ రాయి కాదు. కాల్చిన కొబ్బరి చిప్పలు, బొగ్గు, సున్నం, ఆకుపసర్లు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి చేసిన గచ్చు.

రాజు పడకగది గోడల నిండా రామాయణం. దశరథుడి పుత్రకామేష్టి నుంచి అయోధ్యకి తిరిగి రావడం వరకు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, ఈ ఐదు రంగులే ప్రధానం. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఖాళీ ఉండదు. మనం లేపాక్షిలో చూసే బొమ్మల్లో మనుషులు విడివిడిగా వరసలో నిలబడి ఉంటారు. ఇక్కడ అంతా కిక్కిరిసి, ఒకరి భుజం వెనక ఇంకొకరి కళ్లు, ఆ కళ్లన్నీ బాగా పెద్దవి, రెప్పలు బరువుగా వాలి ఉంటాయి. మొదటి చూపులో రంగుల గందరగోళంలా అనిపిస్తుంది. మేం ముగ్గురం కథ తెలిసినవాళ్లం కాబట్టి ఒక మూల నుంచి పట్టుకుని, "ఇదిగో పాయసం పంచుతున్నారు, అదిగో తాటకి" అనుకుంటూ గోడ వెంట కదిలాం. పిన్ని మాకంటే చకచకా చదివేసింది. గది చిన్నది, వెలుతురు తక్కువ, ఫొటోలు తీయనివ్వరు. అది మంచిదే. ఫోన్లు జేబుల్లో ఉన్నాయి కాబట్టి అందరూ గోడల్నే చూస్తున్నారు. పల్లకీలు, రాజుల చిత్రాలు, ఆయుధాలు ఉన్న మిగతా గదులు త్వరగా చూసేసినా నష్టం లేదు. ఈ గదికి మాత్రం గంట ఇవ్వండి.

రాజభవనం వెనకే సినగాగ్. భవనం ఆవరణలోని గుడికీ, యూదుల ప్రార్థనా మందిరానికీ గోడ ఒక్కటే. పరదేశి సినగాగ్ 1568లో కట్టారు. 1662లో పోర్చుగీసువాళ్లు పాడుచేస్తే డచ్చివాళ్లు వచ్చాక మళ్లీ నిలబెట్టుకున్నారు. 1760లో ఎజెకీల్ రహబి అనే వర్తకుడు గడియార స్తంభం కట్టించాడు. దాని మీద అంకెలు ఒక్కో వైపు ఒక్కో లిపిలో ఉన్నాయి, హీబ్రూ, రోమన్, మలయాళం. ఆ వీధిలో ఎవరెవరు టైము చూసుకునేవాళ్లో దాన్నిబట్టే తెలుస్తుంది. మోకాళ్లు, భుజాలు కప్పుకునే బట్టలుండాలి, చెప్పులు బయట విప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటనుంచి మూడు దాకా మూసేస్తారు.

చెప్పులు విప్పి నడిచే ఆ నేలే అక్కడి గొప్ప వస్తువు. 18వ శతాబ్దంలో చైనాలోని కాంటన్ నుంచి తెప్పించిన తెల్ల పలకలు, వాటి మీద నీలిరంగుతో చేత్తో వేసిన బొమ్మలు. విల్లో చెట్టు, నీళ్లు, పూలు. ఏ రెండూ ఒకటి కావంటారు. నేను ఒక మూల కూర్చుని పక్కపక్కనున్నవి పోల్చి చూశాను. ఒకదాంట్లో కొమ్మ ఎడమకి వంగితే పక్కదాంట్లో ఇంకాస్త పైకి లేచి ఉంది. కుంచె ఎక్కడ ఆగి మళ్లీ ముంచారో కూడా కొన్నిటిలో కనిపిస్తోంది. పైన బెల్జియం గాజు దీపాలు, మధ్యలో ఇత్తడి కటకటాల వేదిక. కొచ్చి యూదుల దగ్గర అంతకంటే పాతది ఇంకొకటుంది. సుమారు వెయ్యేళ్లనాడు భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదుల పెద్దకి హక్కులు రాసిచ్చిన రాగి రేకులు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడివాళ్లు ఒక్కొక్కరే అక్కడికి వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది కూడా లేరు. తరిమేస్తే పోలేదు, ఇష్టపడే వెళ్లారు. అది తెలిసినా ఆ వీధిలో నడుస్తుంటే నాకు దిగులుగానే అనిపించింది. వీధి పేరు జ్యూ టౌన్, ఇళ్ల కిటికీల కమ్మీల్లో వాళ్ల నక్షత్రం గుర్తు, దుకాణాల్లో మాత్రం వేరేవాళ్లు.

పిన్ని కోరిక మీద చెర్లాయిలోని తిరుమల దేవస్వం గుడికి వెళ్లాం. గోవాలో పోర్చుగీసువాళ్ల బాధ పడలేక తరలివచ్చిన కొంకణీలది ఆ గుడి. లోపల దేవుడు మన వేంకటేశ్వరుడే. మలయాళం, కొంకణి వినిపిస్తున్న చోట గోవింద నామం వినేసరికి పిన్నికి కళ్లు చెమర్చాయి. మగవాళ్లు చొక్కా విప్పి వెళ్లాలి. పొద్దున త్వరగా వెళ్తేనే దర్శనం.

ఇక కథకళి. ఫోర్ట్ కొచ్చిలో ప్రతి సాయంత్రం పర్యాటకుల కోసం ప్రదర్శనలుంటాయి. రాత్రంతా ఆడే ఆటని గంటన్నరకి కుదించినవి. కొందరు దీన్ని తక్కువగా మాట్లాడతారు. నేనలా అనుకోను. కొత్తవాళ్లకి ముందు అభినయం, ముద్రలు విడిగా చూపించి తర్వాత కథ ఆడతారు. అది లేకపోతే మాకు ఏమీ అందేది కాదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆట టైముకి కాదు, అంతకు గంట ముందు, వేషం వేసుకునే టైముకి వెళ్లండి. అదే టికెట్‌తో అదీ చూడొచ్చు.

మేం వెళ్లేసరికి చిన్న స్టేజి మీద చాప పరిచి ఉంది. నటుడు అద్దం చేత్తో పట్టుకుని ముఖం మీద తనే గీతలు గీసుకుంటున్నాడు. మణయోల అనే పసుపు రాతిని నూరి, నీలి కలిపి, కొబ్బరి నూనెలో రంగరిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఎరుపుకి ఇంగిలీకం. తర్వాత అతను వెల్లకిలా పడుకుంటే ఇంకొకాయన తల దగ్గర కూర్చుని దవడ వెంట తెల్లటి అంచు కట్టడం మొదలుపెట్టాడు. దాన్ని చుట్టి అంటారు. బియ్యప్పిండి ముద్దని అతుకులా రాసి, కాగితాన్ని వంపుగా కత్తిరించి అంటించాడు. పడుకున్నతను నిద్రపోయాడేమో అన్నంత కదలకుండా ఉన్నాడు. చివరికి లేచి, ఒక చిన్న గింజని అరచేతిలో నలిపి రెండు కళ్ల కింది రెప్పల్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసి గుడ్లు గుండ్రంగా తిప్పాడు. తెరిచేసరికి తెల్లగుడ్డు మెల్లగా ఎర్రబడటం మొదలైంది. అది చుండ చెట్టు గింజ, వంకాయ జాతిది. నొప్పి ఉండదట. రంగులన్నిటి మధ్య ఆ ఎర్రటి కళ్లు లేకపోతే చూపు దూరానికి అందదు.

ఆ రోజు ఆడింది కీచకవధ ఘట్టం. ఆకుపచ్చ ముఖం మీద ఎర్రటి కత్తి ఆకారం, ముక్కు కొస మీదా నుదుటి మీదా తెల్లటి గుండ్లు, అదే కీచకుడి వేషం. ఆకుపచ్చ గొప్పవాళ్లకి, దానిమీద ఈ కత్తి గుర్తు పడితే గొప్పింట్లో పుట్టిన దుర్మార్గుడని. సైరంధ్రిగా ఆడింది కూడా మగవాడే. మాటలన్నీ వెనకనుంచి పాటగాళ్లవి. చెండ, మద్దెల మోగుతుంటే ముందు చేతులు, తర్వాత కనుబొమలు, ఆఖరికి చెంప కండరం కూడా మాట్లాడుతుంది. కీచకుడు దారికి అడ్డం తిరిగినప్పుడు సైరంధ్రి చేతిలోని కల్లుకుండ వణికిన తీరు ఇప్పటికీ చెప్పగలను. కుండ నిజానికి లేదు. బాబాయి చిన్నప్పుడు మా ఊళ్లో తూర్పు భాగవతం రాత్రులు కూర్చుని చూసినవారు. "మనవాళ్లు పాడతా ఆడతారు, ఈళ్లు నోరు మూసుకుని ఆడతన్నారు, కానీ కథ దారి ఒకటేనమ్మా" అన్నారు. ఆట అయ్యాక వెళ్లి ఆ చుట్టి కట్టినాయనకి నమస్కారం పెట్టి వచ్చారు.

తిండి గురించి రెండు మాటలు. కరిమీన్ చేప అరిటాకులో కాల్చింది తినండి. సాయంత్రం టీతో పళంపొరి, అంటే అరటిపండు బజ్జీ. శాకాహారులకి అప్పం, కడల (శనగల) కూర ఎక్కడైనా దొరుకుతుంది. జనవరిలో కూడా చెమట పట్టేస్తుంది కాబట్టి మధ్యాహ్నం తిరగకండి. పరేడ్ గ్రౌండ్ చుట్టూ పెద్ద పెద్ద వాన చెట్లున్నాయి, వాటి కింద కూర్చోవచ్చు.

రెండేళ్లకోసారి జరిగే కళల పండగ బినాలె ఉన్న సంవత్సరమైతే ఇంకా బాగుంటుంది. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలె డిసెంబరు నుంచి మార్చి దాకా నడుస్తుంది. ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత వర్తకుల భవనాల్లో కళాప్రదర్శనలు పెడతారు. మేం వెళ్లింది బినాలె లేని ఏడాది. మరోసారి దానికోసమే వెళ్లాలని నా కోరిక.

తిరుగు ప్రయాణానికి ముందు, ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్‌కి వెళ్లే రో-రో ఎక్కాం. కార్లు, ఆటోలు, స్కూటర్లు, మనుషులు అందరూ కలిసి దాటే బల్లకట్టు అది, ఐదారు నిమిషాల ప్రయాణం, టికెట్ చాలా తక్కువ. అవతలికెళ్లి చూడాల్సిందేమీ లేకపోయినా ఎక్కండి. రేవు నోరు ఎంత వెడల్పో, వలలు ఎక్కడ నిలబడ్డాయో, పెద్ద ఓడ వచ్చేటప్పుడు చిన్న పడవలన్నీ ఎలా తప్పుకుంటాయో అక్కణ్నుంచే తెలుస్తుంది. దూరంగా ఒక డ్రెడ్జర్ పనిచేస్తోంది. నదులు తెచ్చి పోసే మట్టితో కాలువ పూడిపోతూనే ఉంటుంది కాబట్టి ఈ రేవులో తవ్వకం ఏటా తప్పదు. బాబాయి సిబ్బందిలో ఒకతన్ని పట్టుకుని ఎంత లోతుకి తవ్వుతున్నారు, మట్టి ఎక్కడ పోస్తున్నారు అని అడుగుతుంటే బల్లకట్టు వైపిన్‌లో ఆగింది. ఆయన దిగలేదు. అదే బల్లకట్టులో ఇంకో టికెట్ తీసుకుని వెనక్కి వచ్చాం.